పాత ఇంటిని మూడు ఫ్లాట్లుగా మార్చారు: పైకప్పు ఖర్చులో కింది అంతస్తు వాటా ఎంత?

గోదావరి_లండన్

అందరికీ నమస్కారం. తూర్పు లండన్‌లోని ఫారెస్ట్ గేట్‌లో విక్టోరియా రాణి కాలపు ఇల్లు మాది. ఒకే కుటుంబం కోసం కట్టిన ఆ ఇంటిని 1987లో మూడు ఫ్లాట్లుగా విడగొట్టారు. కింది అంతస్తు, పెరడు మావి. మధ్య ఫ్లాట్‌లో పింఛను మీద బతికే ఒక పెద్దావిడ ఉంటారు. పై ఫ్లాట్ యజమాని దాన్ని అద్దెకిచ్చి వేరే ఊళ్లో ఉంటున్నారు. ఫ్రీహోల్డ్, అంటే స్థలం, భవనం మీద శాశ్వత యాజమాన్య హక్కు, ఒక చిన్న కంపెనీ పేరు మీద ఉంది. అందులో ముగ్గురికీ తలా ఒక షేరు, ముగ్గురమూ డైరెక్టర్లమే. మేనేజింగ్ ఏజెంటు ఎవరూ లేరు. ఇంతవరకు బీమా ప్రీమియం, మెట్ల దగ్గరి కరెంటు బిల్లు పంచుకోవడం తప్ప పెద్ద లెక్కలేవీ మా మధ్య రాలేదు.

ఈ చలికాలంలో పై ఫ్లాట్ పడకగదిలో నీళ్లు కారడం మొదలైంది. ఆ యజమాని కప్పు పనులు చేసే ఒక రూఫర్‌ను పిలిపించి 18,600 పౌండ్లకు అంచనా తెచ్చారు. లీజు ప్రకారం నా వాటా 40 శాతం, మిగతా ఇద్దరివీ 30, 30. అంటే నేను 7,440 పౌండ్లు రెండు వారాల్లో పంపాలని ఈమెయిలు వచ్చింది.

నాకు మింగుడుపడని సంగతి ఏమిటంటే, మేము కొనకముందే పై ఫ్లాట్ వారు అటకను మరో గదిగా, స్నానాలగదిగా మార్చుకున్నారు. వెనకవైపు డార్మర్ (వాలు కప్పులోంచి పొడుచుకొచ్చే కిటికీ కట్టడం) కట్టారు. నీళ్లు కారుతున్నది అక్కడే. వాళ్ల ఫ్లాట్ ఇప్పుడు మాకంటే పెద్దది, అయినా వాటా అదే 30. మా ఇంట్లో ఒక్క చుక్క కూడా పడలేదు. ఇది నేను ఎందుకు కట్టాలి?

హారో_వాసి

చుక్క ఎవరింట్లో పడిందన్నది లెక్క కాదండీ. కప్పు మొత్తం ఇంటిది. ఈరోజు పై ఫ్లాట్‌లో కారింది, ఇంకో రెండేళ్లు వదిలేస్తే దూలాలు కుళ్లి గోడల్లోంచి చెమ్మ మీదాకా దిగుతుంది. రేపు మీ పునాది దగ్గర పగులు వస్తే పైవాళ్లు ‘మాకేం సంబంధం’ అంటే మీరు ఊరుకుంటారా?

రెడింగ్_అక్క

హైదరాబాద్‌లో మా అపార్ట్‌మెంటులో చదరపు అడుగుకు ఇంత అని అసోసియేషన్ వసూలు చేస్తుంది. ఎవరి ఫ్లాట్ పెద్దదైతే వాళ్లు ఎక్కువ కడతారు, గొడవే ఉండదు. ఇక్కడ కూడా కొలత ప్రకారం తిరిగి లెక్కేయమని అడగండి.

పాలమూరు_క్రాయిడన్

నేను ఆస్తి బదిలీల సొలిసిటర్ల దగ్గర పనిచేస్తాను. ఇది సలహా మాత్రమే. మీ పత్రాలు చూడకుండా ఎవరూ తీర్పు చెప్పలేరు.

అక్కా, అక్కడికీ ఇక్కడికీ పెద్ద తేడా ఉంది. హైదరాబాద్‌లో ఫ్లాట్ కొంటే స్థలంలో అవిభాజ్య వాటా కూడా మన పేరు మీద రిజిస్టర్ అవుతుంది. ఇంగ్లండ్‌లో మనం కొనేది 99 ఏళ్లకో 125 ఏళ్లకో లీజు. కాబట్టి న్యాయంగా ఎవరు ఎంత కట్టాలన్నది మొదటి ప్రశ్న కాదు, లీజులో ఏముందన్నదే మొదటి ప్రశ్న. కొన్ని లీజుల్లో శాతాలు ఉంటాయి. కొన్నింట్లో సమానంగా అని ఉంటుంది. కొన్నింట్లో ‘తగిన వాటా’ అని మాత్రమే రాసి వదిలేస్తారు, తగవులన్నీ అక్కడే పుడతాయి. 1990కి ముందు రాసినవాటిలో ఇళ్ల రేట్ల (అప్పటి స్థానిక ఆస్తి పన్ను) విలువను బట్టి అని ఉన్నవీ కనిపిస్తాయి. ఆ రేట్లు రద్దయిపోయినా లీజులో మాట అలాగే మిగిలిపోయింది.

గోదావరి గారూ, మీ లీజులో నాలుగు చోట్లు చూడండి. ఒకటి, పైకప్పును మరమ్మతు చేయాల్సింది ఎవరు. రెండు, ఆ ఖర్చులో మీ వాటా ఎంత. మూడు, ముందుగా డబ్బు వసూలు చేసే హక్కు కంపెనీకి ఉందా, లేక ఖర్చు పెట్టాకే అడగాలా. నాలుగు, పెద్ద పనుల కోసం నిధి కూడబెట్టుకునే వీలు ఉందా. ఆ తర్వాత పై ఫ్లాట్ లీజు కూడా తెప్పించండి. ల్యాండ్ రిజిస్ట్రీలో రుసుము కడితే ఎవరికైనా ఇస్తారు. అటక మొదట ఎవరిది? అది పై ఫ్లాట్‌లో భాగం కాకపోతే, దాన్ని వాళ్లకు రాసిచ్చిన దస్తావేజు ఒకటి ఎక్కడో ఉండాలి. మీ తగవుకు తాళం చెవి అందులోనే ఉంటుంది.

ఇంకో మాట. కంపెనీ మీ ముగ్గురిదే అయినా, చట్టం దృష్టిలో అది ల్యాండ్‌లార్డ్, మీరు లీజుదారులు. ఇద్దరు డైరెక్టర్లు ఒకవైపు ఓటేసినా పని ఎప్పుడు చేయాలి, ఎవరితో చేయించాలి అన్నది మాత్రమే తేలుతుంది. లీజులోని శాతాలను డైరెక్టర్ల ఓటు మార్చలేదు.

గ్లాస్గో_తెలుగు

స్కాట్లండ్‌లో ఈ బాధ చాలావరకు లేదు. ఇక్కడ ఫ్లాట్‌ను నేరుగా సొంతం చేసుకుంటాం. 2004 నాటి టెనెమెంట్స్ చట్టం ప్రకారం, దస్తావేజుల్లో వేరే ఏర్పాటు లేకపోతే కప్పు ఖర్చు అందరూ సమానంగా భరించాలి. అన్నింటికంటే పెద్ద ఫ్లాట్ విస్తీర్ణం చిన్నదానికి ఒకటిన్నర రెట్లు దాటితే మాత్రం కొలత ప్రకారం పంచుతారు. మీకూ ఇలాంటి చట్టం ఉంటే బాగుండేది.

టైన్_తీరం

న్యూకాసిల్‌లో మా ఇల్లు రెండు ఫ్లాట్లది. కిందివారి ఫ్రీహోల్డ్ మా పేరు మీద, మాది వారి పేరు మీద ఉంటుంది. ఈ ప్రాంతంలో చాలా ఇళ్లకు ఇదే పద్ధతి. మా లీజులో కప్పు పూర్తిగా పైవారిదే, పునాది కిందివారిదే. కిందటేడు కప్పు ఖర్చు మొత్తం నేనే పెట్టుకున్నాను. కిందివారిని పైసా అడగలేదు, అడిగే హక్కూ లేదు. కాబట్టి ‘కప్పు అందరిదీ’ అని హారో వారు అన్నది ప్రతి ఇంటికీ వర్తించదు.

హారో_వాసి

నిజమే, లీజును బట్టి ఉంటుంది. కానీ గోదావరి గారి లీజులో 40 శాతం అని ఉందంటే కప్పు ఉమ్మడిదే అయ్యుండాలి కదా.

కృష్ణాతీరం

భవనాల సర్వేయర్‌గా పనిచేసి పదవీ విరమణ చేశాను. ఇంతవరకు అందరూ కాగితాల గురించే మాట్లాడారు. కాస్త కప్పు మీదికి కూడా వెళ్దాం.

ఆ కాలపు ఇళ్ల కప్పులు ఎక్కువగా వేల్స్ స్లేట్ పలకలతో వేసినవి. పలకలకు నూరేళ్లు దాటినా ఏమీ కాదు. తుప్పు పట్టేది వాటిని పట్టి ఉంచిన ఇనుప మేకులకు. మేకు తెగగానే పలక జారుతుంది. మీరు రోడ్డుకు అవతలివైపు నిలబడి కప్పును చూడండి. పలకల అంచుల కింద వంచి పెట్టిన సన్నని సీసపు పట్టీలు కనిపిస్తే, జారిన పలకలను గతంలో ఎవరో ఒక్కొక్కటిగా నిలబెట్టారని అర్థం. ఒకటీ రెండూ ఉంటే ఫరవాలేదు. కప్పంతా పట్టీలే ఉంటే దాని పని అయిపోయినట్టే, అప్పుడు పలకలు దింపి కొత్త మేకులతో మళ్లీ పరచాలి. ఇది డార్మర్‌తో సంబంధం లేని ఉమ్మడి పని.

డార్మర్ సంగతి వేరు. దాని పైన చదునుగా వేసిన కప్పు పలకల కప్పులా ఎక్కువ కాలం మన్నదు. ఇక డార్మర్ పక్క గోడ పాత పలకలను ఆనుకునే చోట మెట్లుమెట్లుగా సీసపు రేకు బిగిస్తారు. ఆ రేకును పొడవైన ఒకే ముక్కగా వేస్తే ఎండకు సాగి చలికి ముడుచుకుని చీలిపోతుంది. చిన్న చిన్న ముక్కలుగా వేసి ఒకదానిపై ఒకటి కప్పాలి. నేను చూసిన డార్మర్ లీకుల్లో ఎక్కువ భాగం ఈ రేకు దగ్గరివే.

కాబట్టి రూఫర్ ఇచ్చిన మొత్తం అంకె మీద వాదించకండి. దాన్ని భాగాలుగా విడగొట్టి ఇమ్మనండి. వీలైతే రూఫర్ కాకుండా, ఆ పనిలో లాభం లేని సర్వేయర్ ఒకరి చేత ఫొటోలతో చిన్న నివేదిక రాయించండి. ఆ రుసుమును ముగ్గురూ పంచుకోవడానికి ఎవరూ కాదనరు. ఈలోగా వాన నీళ్లు లోపలికి వెళ్లకుండా టార్పాలిన్ మాత్రం వెంటనే కట్టించండి.

గోదావరి_లండన్

ఎంతో మేలు చేశారు. ఇద్దరి సలహా ప్రకారం కాగితాలు, అంచనా రెండూ తెప్పించాను.

టార్పాలిన్‌కు 480 పౌండ్లు అయింది. రూఫర్ విడగొట్టి ఇచ్చిన లెక్క ఇది: పరంజాకు 4,200, పలకలకు గట్టర్లకు కలిపి 8,400, డార్మర్ కప్పుకూ సీసపు రేకుకూ 3,900, పొగగొట్టానికి 2,100.

మా లీజు 1987 నాటిది. పైకప్పు, పునాది, బయటి గోడలు, గట్టర్లు ల్యాండ్‌లార్డ్ బాధ్యత, ఖర్చు 40, 30, 30 చొప్పున పంచాలి అని ఉంది. పై ఫ్లాట్‌కు మాత్రం 2011లో రాసి రిజిస్టర్ చేయించిన సవరణ దస్తావేజు దొరికింది. అటక ఖాళీని వాళ్ల ఫ్లాట్‌లో కలిపారు. ‘డార్మర్‌ను, దాని పై కప్పును, దానికి ఆనుకున్న సీసపు పనిని లీజుదారు తన ఖర్చుతో మంచి స్థితిలో ఉంచవలెను’ అని స్పష్టంగా రాసుంది! శాతాల ఊసు మాత్రం అందులో ఎక్కడా లేదు.

పాలమూరు_క్రాయిడన్

ఇంత స్పష్టంగా రాసిన దస్తావేజు అరుదు. రిజిస్టర్ అయిన సవరణ కాబట్టి ఆ తర్వాత పై ఫ్లాట్ కొన్నవారికీ అది కట్టుబాటే. 3,900 పౌండ్లు ఉమ్మడి లెక్కలోంచి తీసేయాలి. మిగిలేది 14,700. అందులో మీ 40 శాతం 5,880.

మేడమీద

నేను కూడా ఇలాంటి ఇంట్లో పై ఫ్లాట్ యజమానినే, కాబట్టి అటువైపు మాట కూడా చెప్పనివ్వండి. డార్మర్ ఖర్చు వాళ్లదే, ఒప్పుకుంటాను. కానీ కిందివారు పలకలకూ గట్టర్లకూ కూడా బేరం ఆడటం నాకు అనుభవమే. మా ఇంట్లో గట్టరు నిండి గోడ తడిసి, పిల్లల గదిలో బూజు పట్టింది. కిందివారు రెండు చలికాలాలు సంతకం పెట్టలేదు. వాళ్లకు అది వాటా తగవు, మాకు పాప దగ్గు. ఇక్కడ అలా జరగకుండా చూడండి.

గోదావరి_లండన్

మేడమీద గారూ, మీ బాధ అర్థమైంది. పలకల పని ఆపే ఉద్దేశం నాకు లేదు. రోడ్డు అవతల నుంచి చూశాను, ముందువైపు కప్పు మీదే సీసపు పట్టీలు వరుసగా కనిపిస్తున్నాయి. అది నేను కట్టాల్సిందే, కడతాను. అడుగుతున్నది పరంజా గురించి. డార్మర్ కోసం కూడా పరంజా వాడుతున్నప్పుడు, ఆ 4,200లో వాళ్లు విడిగా కొంత భరించాలి కదా?

హారో_వాసి

తప్పకుండా భరించాలి. పరంజా మినహా మొత్తం పని 14,400, అందులో డార్మర్ 3,900. ఆ నిష్పత్తిలో పరంజాలో 1,137.50 పౌండ్లు వాళ్ల సొంత ఖాతాలో పడాలి. అప్పుడు మీ వాటా 5,425కు దిగుతుంది.

కృష్ణాతీరం

లెక్క సరే. కానీ డార్మర్ లేకపోయినా వెనకవైపు పలకలకూ గట్టరుకూ అదే పరంజా, అన్నే రోజులు వేయాలి. డార్మర్ వల్ల పరంజా ఎత్తు పెరిగిందా, అద్దె వారాలు పెరిగాయా అని రూఫర్‌ను అడగండి. పెరిగితే ఆ పెరిగినంత వాళ్లు ఇవ్వాలి. పెరగకపోతే మీకు తగ్గే ఆ 455 పౌండ్ల కోసం పనిని ఇంకో చలికాలం దాటించడం తెలివి కాదు.

హారో_వాసి

అది ఉదారత, న్యాయం కాదు. పరంజా వాడుకున్నప్పుడు దానికి డబ్బు ఇవ్వాలి. ఇదే పనికి వాళ్లు విడిగా పరంజా వేయించుకుంటే ఎంత అయ్యేది?

పాలమూరు_క్రాయిడన్

ఇద్దరి వాదనలోనూ బలం ఉంది, ఇలాంటి లీజు తగవులు తేల్చే ట్రిబ్యునల్ ఎటైనా మొగ్గవచ్చు. దానికంటే పెద్ద సంగతి ఒకటి ఎవరూ ఎత్తలేదు: సెక్షన్ 20.

1985 నాటి ల్యాండ్‌లార్డ్ అండ్ టెనెంట్ చట్టం ప్రకారం, ఏ ఒక్క లీజుదారుకైనా ఒక పనికి 250 పౌండ్లకు మించి పడుతుందంటే ముందుగా అందరినీ లిఖితపూర్వకంగా సంప్రదించాలి. మొదటి నోటీసులో ఏ పని, ఎందుకు అన్నది చెప్పి, అభిప్రాయాలకు 30 రోజులు ఇవ్వాలి. మీకు తెలిసిన రూఫర్ పేరు సూచించే హక్కు అప్పుడే ఉంటుంది. తర్వాత కనీసం రెండు అంచనాలు జత చేసి రెండో నోటీసు, మళ్లీ 30 రోజులు. అంచనాల్లో ఒకటైనా ల్యాండ్‌లార్డ్‌తో సంబంధం లేనివారిది కావాలి. ఇవి చేయకపోతే, ట్రిబ్యునల్ మినహాయింపు ఇస్తే తప్ప, ఒక్కొక్కరి దగ్గర 250 పౌండ్లకు మించి వసూలు చేయలేరు. ముగ్గురు కలిసిన కంపెనీ అయినా ఇదే నియమం. టార్పాలిన్ 480లో మీ 40 శాతం 192 కాబట్టి దానికి ఈ తతంగం అక్కరలేదు.

ఈ లెక్కన రెండు వారాల్లో డబ్బు పంపమన్న ఈమెయిలుకు విలువ లేదు. పైగా సరైన డిమాండు మీద ల్యాండ్‌లార్డ్ పేరు, చిరునామా ఉండాలి. లీజుదారుల హక్కులు, బాధ్యతలు తెలిపే నిర్ణీత పత్రం జత చేయాలి. అది లేకుండా అడిగితే, జత చేసేదాకా చెల్లింపు ఆపే హక్కు మీకు ఉంటుంది. అలాగని దీన్ని ఆయుధంగా వాడమనడం లేదు. మీరూ కంపెనీ డైరెక్టరే. మీరే ముందుకొచ్చి నోటీసులు రాయండి.

గోదావరి_లండన్

నోటీసులు నేనే రాస్తాను. ఇక 40 శాతం సంగతి. అటక కలిశాక మా ఫ్లాట్ వాళ్లదానికంటే చిన్నది. ఇది న్యాయంగా మార్పించుకునే దారి ఏదైనా ఉందా?

పాలమూరు_క్రాయిడన్

ఉంది, కానీ ఇరుకైన దారి. 1987 నాటి ల్యాండ్‌లార్డ్ అండ్ టెనెంట్ చట్టంలోని సెక్షన్ 35 కింద ఒక్క లీజుదారు కూడా ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు. అయితే వాటాల విషయంలో ఆ సెక్షన్ పట్టించుకునేది మొత్తం కలిపితే నూరు శాతం వస్తుందా లేదా అన్నదే. మీ ఇంట్లో సరిగ్గా నూరు వస్తోంది, కాబట్టి అన్యాయంగా ఉందన్న ఒక్క కారణంతో మార్చరు. సెక్షన్ 37 వేరు. తొమ్మిదికంటే తక్కువ లీజులు ఉన్న చోట అందరూ, లేదా ఒక్కరు తప్ప అందరూ ఒప్పుకుంటే దరఖాస్తు చేయవచ్చు. మీ ముగ్గురు, కంపెనీ కలిపి నలుగురు. పై ఫ్లాట్ కాదన్నా, మధ్య ఫ్లాట్ ఆవిడ, కంపెనీ మీతో ఉంటే ఆ గడప దాటగలరు. నష్టపోయేవారికి పరిహారం ఇప్పించే అధికారం ట్రిబ్యునల్‌కు ఉందని మాత్రం మరవకండి. వెళ్లే ముందు లీజ్‌హోల్డ్ అడ్వైజరీ సర్వీస్ వారిని ఉచితంగా సంప్రదించవచ్చు.

నా మాట వింటే, కప్పు పని తగవునూ శాతాల తగవునూ కలపకండి. మొదటిది ఈ ఏడాదే తేలాలి.

రెడింగ్_అక్క

అందరూ శాతాలు మాట్లాడుతున్నారు, మధ్య ఫ్లాట్ పెద్దావిడ గురించి ఎవరూ అడగలేదు. 14,700లో ఆవిడ 30 శాతం 4,410 పౌండ్లు. పింఛను మీద బతికే మనిషి అంత మొత్తం ఒక్కసారి ఎక్కడినుంచి తెస్తారు? ఆవిడ కట్టలేకపోతే పని ఆగిపోతుంది, లేదా మిగతా ఇద్దరూ ఆవిడ మీద పడతారు. ముందు ఆవిడ దగ్గర కూర్చుని మాట్లాడండి.

గోదావరి_లండన్

అక్కా, నిన్న సాయంత్రం వెళ్లాను. ఆవిడ బీమా పాలసీ కాగితం తీసి, ఇది దీనికి పనికొస్తుందా అని అడిగారు. పాలసీ చదివి చూశాను. తుఫాను నష్టం ఉంది, అరుగుదల లేదు. పై ఫ్లాట్ వారి ఈమెయిలు చూసినప్పటి నుంచి ఆవిడకు నిద్ర పట్టడం లేదట. నోటీసులకే రెండు నెలలకు పైగా పడుతుంది, ఈలోగా ఎవరూ డబ్బు అడగరని చెప్పాక తేలికపడ్డారు. వాయిదాలకు నేను ఒప్పుకున్నాను. పై ఫ్లాట్ వారికి దస్తావేజు నకలు పంపాను. డార్మర్ తమదేనని ఒప్పుకున్నారు, పరంజాలో విడిగా వాటా మాత్రం ఇవ్వమన్నారు. డార్మర్ వల్ల అద్దె రోజులు పెరగవని రూఫర్ రాసిచ్చాడు, కాబట్టి దాన్ని వదిలేస్తున్నాను. శాతాలను మాత్రం వదలను.

కృష్ణాతీరం

మంచి పని చేశారు. పరంజా ఉండగానే పొగగొట్టం, గట్టర్ల బిగింపులు, పై కిటికీల చెక్క అన్నీ చూపించండి. మళ్లీ ఎక్కాలంటే మళ్లీ 4,200.

హారో_వాసి

పరంజా విషయంలో నా అభిప్రాయం మారలేదు. ఇకముందు మాత్రం నెలకు కొంత చొప్పున నిధి పెట్టుకోండి, మధ్య ఫ్లాట్ ఆవిడలాంటివారికి అదే రక్ష. లీజులో వీలు లేకపోతే ముగ్గురూ రాతపూర్వకంగా ఒప్పుకుని మొదలుపెట్టండి. ఆ డబ్బు చట్టప్రకారం లీజుదారుల తరఫున ట్రస్టుగా ఉంచాల్సినది, కాబట్టి ఎవరి సొంత ఖాతాలోనూ వేయకండి.

లూటన్_కొత్తసభ్యుడు

క్షమించండి, మధ్యలో వస్తున్నాను. మాది నాలుగు ఫ్లాట్ల ఇల్లు, ల్యాండ్‌లార్డ్ బయటివాడు. మూడేళ్ల కిందట వేయించిన రంగుల బిల్లు మొన్న మొదటిసారి పంపాడు. కట్టాలా?

పాలమూరు_క్రాయిడన్

ఖర్చు అయిన తేదీ నుంచి 18 నెలల్లోగా డిమాండు పంపలేదా? కనీసం ‘ఈ ఖర్చు అయింది, మీ వాటా తర్వాత అడుగుతాం’ అని రాతపూర్వకంగా తెలియజేయలేదా? రెండూ లేకపోతే 1985 చట్టంలోని సెక్షన్ 20బీ ప్రకారం కట్టనక్కరలేదు. పాత ఈమెయిళ్లన్నీ వెతికి చూసుకున్నాకే జవాబు రాయండి. మీ లీజులో సర్వీస్ ఛార్జి (ఉమ్మడి ఖర్చుల్లో మీ వాటా) ముందుగా వసూలు చేసే పద్ధతి ఉంటే లెక్క మారవచ్చు, ఆ పేరా ఇక్కడ యథాతథంగా రాయండి, చూద్దాం.